మూడేళ్లు వేరే పేరుతో బతికాడు.. 'ది స్పై' చివరి ఎపిసోడ్ వెనుక ఎలీ కోహెన్ అసలు కథ

నెట్‌ఫ్లిక్స్‌లో 'ది స్పై' సిరీస్ చూశారా? చూసి ఉంటే ఆరో ఎపిసోడ్ అయ్యాక కాసేపు ఏమీ మాట్లాడలేకపోయి ఉంటారు. చిత్రం ఏంటంటే, హీరోకి ఏం జరుగుతుందో మనకు ముందే తెలుసు. మొదటి ఎపిసోడ్ ఆరంభంలోనే 1965 నాటి డమాస్కస్ జైలు చూపించేస్తారు. అయినా సరే, చివరి ఎపిసోడ్‌లో తలుపు మీద దెబ్బలు పడుతుంటే ఎలాగైనా తప్పించుకుంటాడేమో అని చూస్తూనే ఉంటాం. తప్పించుకోడు. ఎందుకంటే ఇది రైటర్లు కూర్చుని రాసుకున్న కథ కాదు. నిజంగా జరిగింది.

ఇంకా చూడనివాళ్లకు ఒక మాట. ఇక్కడి నుంచి ముగింపుతో సహా అంతా ఉంటుంది. 2019 సెప్టెంబర్‌లో వచ్చిన ఈ ఆరు ఎపిసోడ్ల సిరీస్‌కి గిడియాన్ రాఫ్ డైరెక్టర్. కామెడీ పాత్రలతో పేరు తెచ్చుకున్న సాషా బారన్ కోహెన్ ఇందులో నవ్వన్నదే లేని ఎలీ కోహెన్‌గా కనిపిస్తాడు. ఇంటిపేరు ఒకటే అయినా ఇద్దరికీ బంధుత్వం లేదు.

ఇంతకీ ఎవరీ ఎలీ కోహెన్? ఇన్సూరెన్స్ ఆఫీసులో ఫైళ్లు సర్దుకునే గుమస్తా శత్రుదేశపు మిలిటరీ పెద్దల ఇళ్లలో భోజనం చేసే దాకా ఎలా వెళ్లాడు? చివర్లో పొరపాటు ఎక్కడ జరిగింది? సిరీస్‌లో చూపించిందంతా నిజమేనా? ఒక్కొక్కటిగా చూద్దాం.

అలెగ్జాండ్రియా కుర్రాడు

ఎలీ కోహెన్ పుట్టింది ఇజ్రాయెల్‌లో కాదు. 1924 డిసెంబర్‌లో ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో పుట్టాడు. తండ్రిది సిరియాలోని అలెప్పో. యూదు కుటుంబమే అయినా ఇంట్లో అరబిక్ మాట్లాడేవారు. వీధిలో, బజారులో, రేడియోలో అంతా అరబిక్కే. చదువుతో ఫ్రెంచ్, ప్రార్థనలతో హీబ్రూ వచ్చాయి. రేపు తన ప్రాణాన్ని నిలబెట్టేది, చివరికి తీసేది కూడా ఈ భాషేనని ఆ కుర్రాడికి అప్పుడేం తెలుసు?

1948లో ఇజ్రాయెల్ ఏర్పడింది. అరబ్ దేశాలతో యుద్ధం మొదలైంది. ఈజిప్టులో తరాలుగా ఉంటున్న యూదులకు గడ్డురోజులు వచ్చాయి. 1949లో కోహెన్ తల్లిదండ్రులు, తమ్ముళ్లు ఇజ్రాయెల్ వెళ్లిపోయారు. ఇతను మాత్రం వెళ్లలేదు. చదువు పేరుతో అక్కడే ఉండిపోయి, మిగతా యూదులు దేశం దాటడానికి రహస్యంగా సాయం చేసేవాడు.

1954లో ఒక పెద్ద దెబ్బ తగిలింది. ఇజ్రాయెల్ మిలిటరీ ఇంటెలిజెన్స్ కొంతమంది ఈజిప్టు యూదు యువకులతో అక్కడి అమెరికన్, బ్రిటిష్ సంస్థల దగ్గర బాంబులు పెట్టించింది. ప్లాన్ బెడిసికొట్టింది. అందరూ దొరికిపోయారు. 1955 జనవరిలో వాళ్లలో ఇద్దరిని కైరోలో ఉరి తీశారు. పోలీసులకు కోహెన్ మీద కూడా అనుమానం వచ్చింది. కానీ ఆధారం దొరకలేదు. వదిలేశారు.

అంటే గూఢచర్యం చేసి దొరికితే ఏమవుతుందో కోహెన్‌కి ఎవరూ చెప్పక్కర్లేదు. తన చుట్టూ ఉన్నవాళ్లకే అది జరగడం చూశాడు. అయినా ఆ దారిలోకే వెళ్లాడు. అతని కథలో అన్నిటికన్నా ఆలోచింపజేసేది ఇదే.

1956 సూయజ్ యుద్ధం తర్వాత ఈజిప్టు వేలాది యూదులను బయటికి పంపేసింది. ఆ జాబితాలో కోహెన్ కూడా ఉన్నాడు. 1957లో ఇజ్రాయెల్ చేరుకున్నాడు. అప్పటికి వయసు 32.

ఒకప్పుడు వద్దన్నారు.. తర్వాత వాళ్లే వచ్చారు

ఇజ్రాయెల్ వచ్చాక మిలిటరీ ఇంటెలిజెన్స్‌లో అరబిక్ పత్రికలు, సమాచారం విశ్లేషించే పని దొరికింది. కుర్చీలో కూర్చుని చేసే పని. నచ్చలేదు. మొసాద్‌లో చేరాలని చూశాడు. వాళ్లు వద్దన్నారు. దాంతో మనసు విరిగి ఉద్యోగం మానేశాడు. టెల్ అవీవ్‌లో ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో గుమస్తాగా చేరాడు.

1959లో పెళ్లయింది. అమ్మాయి పేరు నాదియా. ఇరాక్ నుంచి వలస వచ్చిన యూదు కుటుంబం ఆమెది. సముద్రం పక్కన బాత్ యామ్ అనే ఊళ్లో కాపురం పెట్టారు. జీతం తక్కువ, ఇల్లు చిన్నది. అయినా సంసారం సాఫీగా సాగుతోంది.

ఇంతలో సిరియా సరిహద్దులో గొడవలు ముదిరాయి. గోలన్ హైట్స్ అప్పుడు సిరియా చేతిలో ఉంది. పైన కొండలు, కింద ఇజ్రాయెల్ ఊళ్లు. సరిహద్దు పొలాల విషయంలో, నీళ్ల విషయంలో రెండు వైపుల నుంచీ కాల్పులు జరుగుతూనే ఉండేవి. డమాస్కస్ లోపల ఏం జరుగుతోందో తెలుసుకోవడానికి ఒక మనిషి కావాలి. అరబిక్ మాతృభాషలా మాట్లాడాలి. చూడ్డానికి అక్కడివాడిలా ఉండాలి. పాత ఫైళ్లు తిరగేస్తే కోహెన్ పేరు కనిపించింది.

ఒకప్పుడు వద్దన్న ఫైలే అది. తెలివి, జ్ఞాపకశక్తి అద్భుతం అని అందులో ఉంది. దాంతోపాటు తనను తాను కాస్త ఎక్కువ అంచనా వేసుకుంటాడని, అవసరం లేని చోట కూడా రిస్క్ తీసుకుంటాడని మానసిక పరీక్షల్లో తేలిందని చెబుతారు. అవసరం పడేసరికి ఆ రెండో మాటను పక్కన పెట్టేశారు. ఐదేళ్ల తర్వాత జరిగింది చూస్తే, ఆ మాట రాసినవాళ్లు తప్పు రాయలేదనిపిస్తుంది.

ఎలీ కోహెన్ పోయి.. కామెల్ అమీన్ థాబెత్ వచ్చాడు

1960లో ట్రైనింగ్ మొదలైంది. ఎవరైనా వెంబడిస్తున్నారేమో కనిపెట్టడం, మ్యాపులు చదవడం, మోర్స్ కోడ్‌లో సందేశం పంపడం, రేడియో పార్టులు దాచడం.. ఇవన్నీ ఒక ఎత్తు. ఇస్లాం ప్రార్థనలు, మర్యాదలు నేర్చుకోవడం, ఈజిప్టు యాస వదిలించుకుని సిరియా యాస పట్టుకోవడం మరో ఎత్తు. తెలుగులో చెప్పాలంటే నెల్లూరులో పెరిగినవాడు కరీంనగర్‌లో పుట్టినవాడిలా మాట్లాడాలి. అది కూడా తాగినప్పుడు, కోపం వచ్చినప్పుడు, నిద్రలో లేచినప్పుడు సైతం.

కొత్త పేరు కామెల్ అమీన్ థాబెత్. కొత్త కథ ఏంటంటే.. సిరియా తల్లిదండ్రులకు పుట్టిన ముస్లిం, కొన్నాళ్లు అలెగ్జాండ్రియాలో పెరిగాడు, తర్వాత అర్జెంటీనా వెళ్లి బాగా డబ్బు సంపాదించాడు, ఇప్పుడు మాతృభూమి మీద మనసు మళ్లింది. యాసలో ఎక్కడైనా ఈజిప్టు వాసన వచ్చినా ఈ కథ దాన్ని కప్పేస్తుంది.

1961లో అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఎయిర్స్ వెళ్లాడు. అక్కడ సిరియా, లెబనాన్ నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లు చాలామంది. క్లబ్బులు, రెస్టారెంట్లు, ఎంబసీ విందులు.. కామెల్ చేయి పెద్దదని, మనసు మంచిదని అందరికీ తెలిసిపోయింది. డమాస్కస్‌లో ఎవరిని కలవాలో చెబుతూ పరిచయ లేఖలు ఇచ్చారు. 1962 మొదట్లో ఇటలీ నుంచి ఓడలో బీరూట్ చేరి, అక్కడి నుంచి కారులో సిరియా సరిహద్దు దాటాడు.

ఇంట్లో నాదియాకు ఏం తెలుసు? రక్షణ శాఖ పని మీద భర్త విదేశాల్లో తిరుగుతున్నాడని మాత్రమే. మన తెలుగు దర్శకులు రాజ్, డీకేల 'ది ఫ్యామిలీ మ్యాన్' చూసినవాళ్లకు ఈ అబద్ధం తెలిసిందే. కాకపోతే అక్కడ శ్రీకాంత్ తివారీ సాయంత్రానికి ఇంటికొస్తాడు. ఇక్కడ కోహెన్ నెలల తరబడి వచ్చేవాడు కాదు.

డమాస్కస్‌లో ఖరీదైన ఫ్లాట్

డమాస్కస్‌లో అబూ రమ్మానే పెద్దవాళ్లు ఉండే ఏరియా. ఎంబసీలు, ఆఫీసర్ల ఇళ్లు, దగ్గర్లోనే ఆర్మీ హెడ్‌క్వార్టర్స్. కామెల్ అక్కడే ఫ్లాట్ తీసుకున్నాడు. సిరియా హస్తకళల ఫర్నిచర్, చెక్క బల్లలు యూరప్‌కి ఎగుమతి చేస్తానని వ్యాపారం పెట్టాడు. ఆ సామాన్లలోనే మైక్రోఫిల్ములు దాగి వెళ్లేవి. అత్యవసర కబుర్లు మాత్రం ఫ్లాట్‌లో దాచిన ట్రాన్స్‌మిటర్ నుంచి మోర్స్ కోడ్‌లో వెళ్లేవి.

అతని అసలు ఆయుధం మాత్రం ఆతిథ్యం. ఇంట్లో పార్టీలు జరిగేవి. ఆఫీసర్లు, మంత్రుల బంధువులు, రేడియో శాఖవాళ్లు వచ్చేవారు. వాళ్లు తాగేవారు, అతను తాగినట్టు నటించేవాడు. వాళ్లు మాట్లాడేవారు, అతను వినేవాడు. అప్పులు అడిగితే ఇచ్చేవాడు. ఆర్మీ చీఫ్ బంధువైన ఒక యువ ఆఫీసర్‌తో స్నేహం కుదిరింది. ఆ స్నేహంతోనే మామూలు పౌరుడు అడుగుపెట్టలేని గోలన్ సైనిక ప్రాంతం దాకా వెళ్లాడు. బంకర్లు, ఫిరంగులు ఎక్కడున్నాయో కళ్లతో చూసి, మనసులో పెట్టుకుని, ఇంటికొచ్చి రాసుకున్నాడు.

1963 మార్చి 8న బాత్ పార్టీ తిరుగుబాటుతో సిరియాలో ప్రభుత్వం మారింది. కోహెన్‌కి తెలిసినవాళ్లలో కొందరు ఒక్కసారిగా పెద్ద కుర్చీల్లోకి వచ్చారు. అదే ఏడాది అమీన్ అల్ హఫీజ్ దేశాధ్యక్షుడయ్యాడు.

1964లో మరో పెద్ద విషయం. జోర్డాన్ నదికి నీళ్లిచ్చే ఉపనదులను ఇజ్రాయెల్‌కి చేరకుండా మళ్లించాలని అరబ్ దేశాలు నిర్ణయించాయి. సిరియా కాలువ తవ్వకం మొదలుపెట్టింది. ఆ ప్లాన్ వివరాలు కోహెన్ పంపినట్టు ఇజ్రాయెల్ చెబుతుంది. తర్వాత ఇజ్రాయెల్ ట్యాంకులు, విమానాలు ఆ తవ్వకం యంత్రాలపై దాడులు చేశాయి. నీళ్ల కోసం రాష్ట్రాలు కోర్టుకెక్కడం చూసినవాళ్లం మనం. అక్కడ ఫిరంగులే మాట్లాడాయి.

కోడ్ విప్పుతున్నది సొంత తమ్ముడే

సిరీస్‌లో చూపించిన ఒక విషయం కల్పన అనిపిస్తుంది కానీ కాదు. కోహెన్ తమ్ముడు మోరిస్ కూడా అదే నిఘా వ్యవస్థలో పనిచేసేవాడు. డమాస్కస్ నుంచి వచ్చే రహస్య సందేశాలను విప్పడం అతని ఉద్యోగం. పంపుతున్నదెవరో అతనికి చెప్పలేదు. అందులోని ఇంటి కబుర్లు, కుటుంబం గురించిన ప్రశ్నలు చూసి మెల్లగా అర్థమైంది.. అవతల ఉన్నది తన అన్నే అని.

ఊహించుకోండి. అమ్మ పక్కన కూర్చుని అన్న ఎలా ఉన్నాడో అని బెంగపడుతుంటే నోరు విప్పలేడు. వదిన అడిగినా చెప్పలేడు. ఆ రహస్యాన్ని మోరిస్ ఏళ్ల తరబడి కడుపులోనే దాచుకున్నాడు.

ఆఖరిసారి ఇంటికొచ్చినప్పుడు..

1964 నవంబర్‌లో కోహెన్ ఇంటికొచ్చాడు. మూడో బిడ్డ పుట్టాడు. ఇద్దరు ఆడపిల్లల తర్వాత అబ్బాయి. ఈసారి మనిషి మునుపటిలా లేడని నాదియా గమనించింది. సరిగా నిద్రపోయేవాడు కాదు. ఏదో ఆలోచనలో ఉండేవాడు.

కారణం ఉంది. సిరియా మిలిటరీ ఇంటెలిజెన్స్‌ని నడుపుతున్న కల్నల్ అహ్మద్ సువైదానీకి కామెల్ అంటే పడదు. అనుమానంగా చూస్తున్నాడు. ఈ పని ఇక చాలని కోహెన్ పై అధికారులకు చెప్పాడని అంటారు. ఇంకొక్కసారి వెళ్లి రమ్మన్నారు. వెళ్లాడు.

సిరీస్ చివరి ఎపిసోడ్లలో మనసు మెలిపెట్టే భాగం ఇదే. తలుపు దాకా వచ్చి ఆగిపోయే ఆ నిమిషం చూసి, వెళ్లొద్దు అని ఫోన్ స్క్రీన్‌కి చెప్పుకున్నవాళ్లు చాలామందే ఉంటారు. ఇంకో విషయం గమనించారా? ఇజ్రాయెల్ సీన్లలో రంగులు వెలిసిపోయినట్టుంటాయి. డమాస్కస్ సీన్లు మాత్రం కళకళలాడతాయి. నిజమైన ఇల్లు వెలిసిపోయి, అబద్ధపు ఇల్లు రంగుల్లో వెలిగిపోవడం.. కోహెన్ మనసులో ఏం జరుగుతోందో డైరెక్టర్ మాటల్లేకుండా చెప్పాడు.

దొరికిపోయింది ఎలా?

తిరిగెళ్లాక కోహెన్ జాగ్రత్త పెంచాల్సింది. జరిగింది దానికి రివర్స్. సందేశాలు ఎక్కువయ్యాయి. రోజూ దాదాపు అదే టైమ్‌కి, అవసరానికి మించి పొడుగ్గా పంపాడు. రేడియో తరంగం ఎంతసేపు గాల్లో ఉంటే, దాని జాడ పట్టుకోవడం అంత తేలిక. ఇది నిఘా పనిలో మొదటి పాఠం.

ఆ పక్కనే ఎంబసీలున్నాయని చెప్పుకున్నాం కదా. వాటిలో మన భారత ఎంబసీ కూడా ఒకటి. తమ రేడియో సిగ్నల్స్‌కి ఏదో అడ్డు తగులుతోందని ఇక్కడి నుంచి ఫిర్యాదు వెళ్లిందని, దాంతోనే సిరియన్లకు అనుమానం బలపడిందని ఒక కథనం ప్రచారంలో ఉంది. సోవియట్ యూనియన్ ఇచ్చిన ట్రాకింగ్ పరికరాలతో పట్టుకున్నారన్నది ఎక్కువమంది చెప్పే మాట. రెండూ కలిసే జరిగి ఉండొచ్చు.

1965 జనవరిలో ఒక రోజు సిరియా సైన్యం తన రేడియోలన్నీ ఆపేసింది. నిశ్శబ్దంలో ఒక్క సిగ్నల్ మాత్రం వినబడింది. అది అబూ రమ్మానే నుంచి వస్తోంది. సువైదానీ మనుషులు తలుపు బద్దలుకొట్టి లోపలికి వచ్చేసరికి కామెల్ ట్రాన్స్‌మిటర్ ముందే ఉన్నాడు.

మొదట సిరియన్లు అతని చేతే తప్పుడు సందేశాలు పంపించాలని చూశారు. తర్వాత దాచడం అనవసరమనుకున్నారు. ఇజ్రాయెల్ ప్రధాని లెవీ ఎష్కోల్‌ని ఉద్దేశించి ఒక సందేశం పంపారు. మీ మనిషి, అతని స్నేహితులు మా అతిథులుగా ఉన్నారన్నది దాని సారాంశం. టెల్ అవీవ్‌లో ఆ సందేశం విప్పినవాళ్లకు ఇక చెప్పడానికేమీ మిగల్లేదు.

కోర్టు.. ఉరి

చిత్రహింసలు పెట్టారు. సైనిక కోర్టులో విచారణ జరిగింది. లాయర్‌ని పెట్టుకోనివ్వలేదు. విచారణలో కొంత భాగం సిరియా టీవీలో వేశారు. నాదియా తన భర్త నిజంగా ఏం పని చేస్తున్నాడో పూర్తిగా తెలుసుకున్నది అప్పుడే. కోహెన్‌తో కలిసి విందుల్లో కూర్చున్నవాళ్లలో కల్నల్ సలీం హాతూమ్ పేరు వినిపిస్తుంది. తీర్పు చెప్పే బెంచిలో అతనూ ఉన్నాడు. స్నేహితుడు నిజంగా స్నేహితుడు కాదని తెలిసినప్పుడు ఆ ఆఫీసర్లకు పట్టిన భయం, అవమానం కూడా చిన్నవి కావు. కామెల్‌కి దగ్గరగా తిరిగిన సిరియన్లు చాలామంది అరెస్టయ్యారు. వాళ్లలో కొందరికి అతనెవరో నిజంగానే తెలియదు.

మరణశిక్ష పడింది. ఇజ్రాయెల్ విదేశాంగ మంత్రి గోల్డా మెయిర్ ప్రపంచ దేశాలను కదిలించారు. పోప్ ఆరో పాల్ క్షమాభిక్ష కోరారు. ఫ్రాన్స్, బెల్జియం, కెనడా నుంచి విజ్ఞప్తులు వెళ్లాయి. ఫ్రెంచ్ లాయర్లు డమాస్కస్ వెళ్లి ప్రయత్నించారు. ఏదీ ఫలించలేదు.

1965 మే 18 తెల్లవారకముందే డమాస్కస్ నడిబొడ్డున మర్జే స్క్వేర్‌లో జనం చూస్తుండగా ఉరి తీశారు. ఆఖరి ఘడియల్లో వృద్ధుడైన ఒక యూదు మతగురువును రానిచ్చారు. భార్యకు ఒక ఉత్తరం రాయనిచ్చారు. జరిగినదానికి క్షమించమని, పిల్లలను బాగా చదివించమని, గడిచిపోయినదాని గురించి ఏడుస్తూ కూర్చోకుండా మళ్లీ పెళ్లి చేసుకోమని అందులో కోరాడు. నేరాల చిట్టా రాసిన కాగితం మెడలో తగిలించి, శవాన్ని గంటల తరబడి అలాగే వేలాడదీశారు. వయసు 40.

సిరీస్‌లో ఎంత నిజం? ఎంత కల్పన?

ఇది చాలామంది అడిగే ప్రశ్న. క్లుప్తంగా చెప్పుకుందాం.

డాన్ పెలెగ్: నోవా ఎమెరిచ్ చేసిన ఈ హ్యాండ్లర్ పాత్ర కల్పితం. కోహెన్‌తో పనిచేసిన వేర్వేరు అధికారులను కలిపి చేసిన పాత్ర అనుకోవచ్చు. కానీ ఆ పాత్ర మోసే అపరాధ భావం మాత్రం కల్పన కాదు. కోహెన్‌ని మళ్లీ ఎందుకు పంపారు, అంత ఎక్కువగా సందేశాలు ఎందుకు పంపనిచ్చారు అన్న ప్రశ్నలు ఇజ్రాయెల్‌లో దశాబ్దాల పాటు వినిపించాయి.

హఫీజ్‌తో దోస్తీ: సిరీస్‌లో బ్యూనస్ ఎయిర్స్‌లోనే ఇద్దరూ ప్రాణ స్నేహితులవుతారు. హఫీజ్ అక్కడ మిలిటరీ అటాషేగా పనిచేసిన మాట నిజం. కానీ తనకు అక్కడ కోహెన్ తెలియదని, తేదీలే కుదరవని హఫీజ్ తర్వాతి కాలంలో ఖండించాడు.

రక్షణ శాఖ పదవి: కోహెన్‌కి పెద్ద పదవి ఇవ్వబోయారన్నది బాగా ప్రచారమైన మాట. దానికి గట్టి ఆధారం లేదు.

యూకలిప్టస్ చెట్లు: గోలన్‌లో సైనికులకు నీడ కోసం చెట్లు నాటమని కోహెన్ సలహా ఇచ్చాడని, 1967లో ఆ చెట్లను చూసే ఇజ్రాయెల్ విమానాలు బంకర్లపై గురిపెట్టాయని చెబుతారు. వినడానికి భలే ఉంటుంది. పరిశోధకులు చాలామంది దీన్ని కట్టుకథగానే చూస్తారు.

మరి 1967 ఆరు రోజుల యుద్ధంలో ఇజ్రాయెల్ గోలన్‌ని ఆక్రమించడానికి కోహెన్ సమాచారం ఎంత పనికొచ్చింది? చాలా పనికొచ్చిందని ఇజ్రాయెల్ నేతలు అప్పుడే చెప్పారు. అంత లేదనేవాళ్లూ ఉన్నారు. ఒకటి మాత్రం మర్చిపోకూడదు. సిరీస్‌లో గోలన్ అంటే బంకర్లే కనిపిస్తాయి. అక్కడ సిరియన్ల ఊళ్లు కూడా ఉండేవి. ఆ యుద్ధంతో వేలాది కుటుంబాలు ఇళ్లొదిలి వెళ్లిపోయాయి. కింద లోయలో ఫిరంగి గుండ్లకు భయపడి షెల్టర్లలో పెరిగిన పిల్లలు, పైన కొండ మీద ఊరు పోగొట్టుకున్న పిల్లలు.. ఇద్దరూ ఈ కథలోని వాళ్లే. ఇజ్రాయెల్‌లో వీధులకు కోహెన్ పేరు పెట్టుకున్నారు. సిరియాలో ఆ పేరు నమ్మకద్రోహానికి గుర్తు.

కథ అక్కడితో అయిపోలేదు

సిరీస్ ఆగిపోయిన చోట నాదియా పోరాటం మొదలైంది. ఆమె మళ్లీ పెళ్లి చేసుకోలేదు. ముగ్గురు పిల్లలను పెంచింది. భర్త శవాన్ని అప్పగించమని సిరియాను అడుగుతూనే ఉంది. హఫీజ్ పదవి 1966లో పోయింది. ఆ తర్వాత ఎన్ని ప్రభుత్వాలు మారినా జవాబు మారలేదు. శవాన్ని ఒక చోటి నుంచి మరో చోటికి మార్చారని, ఇప్పుడెక్కడుందో తెలియదని కూడా కథనాలు వచ్చాయి.

2018 జులైలో మొసాద్ ఒక చేతి గడియారాన్ని వెనక్కి తెచ్చామని ప్రకటించింది. డమాస్కస్‌లో కామెల్ వేషంలో ఉన్నప్పుడు కోహెన్ పెట్టుకున్న వాచీ అది. పెద్దింటి వ్యాపారిలా కనిపించడానికి వాడిన ఆ వాచీయే యాభై ఏళ్ల తర్వాత ఆ ఇంటికి తిరిగొచ్చిన మొదటి గుర్తు.

2024 డిసెంబర్‌లో సిరియాలో అసద్ ప్రభుత్వం కూలిపోయింది. 2025 మే 18న, ఉరి తీసి సరిగ్గా 60 ఏళ్లయిన రోజున, ఇజ్రాయెల్ మరో ప్రకటన చేసింది. సిరియా నిఘా విభాగం దాచిన కోహెన్ ఫైల్ మొత్తం తమ చేతికొచ్చిందని చెప్పింది. దాదాపు 2,500 కాగితాలు, ఫొటోలు, వస్తువులు. డమాస్కస్ ఫ్లాట్ తాళంచెవులు, నకిలీ పాస్‌పోర్టులు, సిరియా పెద్దలతో దిగిన ఫొటోలు వాటిలో ఉన్నాయి. ఉరికి ముందు చేత్తో రాసిన ఆ ఆఖరి ఉత్తరం అసలు ప్రతి కూడా. అప్పటిదాకా ఆ ఇంటికి కాపీ మాత్రమే తెలుసు.

ఎక్కడో పాత కప్‌బోర్డులో అరవై ఏళ్లు పడున్న కాగితం చివరికి ఎవరి పేరు మీద రాశారో వాళ్ల దగ్గరికే చేరింది. రాసినప్పుడు నాదియా పాలు తాగే పసివాణ్ని ఎత్తుకున్న యువతి. అందుకునేసరికి పండు ముసలి.

ఆ ఫైల్‌లో అన్నీ వచ్చాయి, ఒక్కటి తప్ప. సమాధి ఎక్కడన్నది ఇప్పటికీ తేలలేదు. సిరీస్ చివరి ఎపిసోడ్ పేరు 'హోమ్'. అంటే ఇల్లు. ఎలీ కోహెన్ ఇంకా ఇంటికి రాలేదు.